ఆట మానేస్తే తగ్గింది, మొదలుపెట్టగానే మళ్లీ వచ్చింది

ప్రశ్న: నా వయసు 26. పగలు ఎనిమిది తొమ్మిది గంటలు ల్యాప్‌టాప్ మీద ఆఫీసు పని, రాత్రి మూడు నాలుగు గంటలు కంప్యూటర్‌లో షూటింగ్ గేమ్స్. నాలుగు నెలలుగా కుడి మోచేయి బయటివైపు నొప్పి. నీళ్ల సీసా ఎత్తినా, తలుపు పిడి తిప్పినా చురుక్కుమంటుంది. ఈమధ్య నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. మూడు వారాలు ఆట పూర్తిగా మానేస్తే మోచేతి నొప్పి పోయింది. రెండు రోజుల టోర్నమెంట్ ఆడగానే మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు మణికట్టుకు పగలంతా బ్యాండ్ పెట్టుకుంటున్నాను, ఆడే ముందు పెయిన్‌కిల్లర్ వేసుకుంటున్నాను. నా చెయ్యి శాశ్వతంగా పాడైపోయిందా? ఆట మానేయాల్సిందేనా? ఏ మౌస్, ఏ కుర్చీ కొనాలి? ఫోన్‌లో ఆడే మా తమ్ముడికి కూడా బొటనవేలు మొదట్లో నొప్పి వస్తోంది. వాడికేం చెప్పాలి?

జవాబు: ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ చెయ్యి శాశ్వతంగా పాడైపోయినట్టు అనిపించడం లేదు. ఆట మానేయాల్సిన అవసరమూ కనిపించడం లేదు. కానీ మీరు ఒకటే అనుకుంటున్న బాధలో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. మోచేతి నొప్పిని మీరు ఓపికగా, సొంతంగా చాలావరకు బాగుచేసుకోవచ్చు. రాత్రి తిమ్మిరిని మాత్రం డాక్టరుకు చూపించాలి, అదీ నెలల తర్వాత కాదు, ఒకటి రెండు వారాల్లోనే. ఆడే ముందు వేసుకుంటున్న ఆ మాత్ర సంగతి అయితే ఈ రోజే ఆపేయండి. ఎందుకో చెప్తాను.

మోచేతితో మొదలుపెడదాం. మౌస్ పట్టుకున్నంతసేపూ మణికట్టును కొద్దిగా పైకి ఎత్తి నిలిపి ఉంచేవి ముంజేయి పైభాగపు కండరాలు. వాటిలో చాలావరకు మోచేయి బయటివైపు ఉండే ఒకే ఎముక మొన దగ్గర అతుక్కుని ఉంటాయి. కండరాన్ని ఎముకకు కలిపి పట్టే గట్టి భాగాన్ని టెండన్ అంటారు. ఆ చోట టెండన్ మీద ఓర్చుకోగలిగిన దానికంటే ఎక్కువ పని పడితే వచ్చేదే టెన్నిస్ ఎల్బో. టెన్నిస్ బ్యాట్ ఎప్పుడూ పట్టుకోని వాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది. సీసా ఎత్తినప్పుడు, పిడి తిప్పినప్పుడు చురుక్కుమనడం దీని లక్షణమే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నొప్పి అంటే లోపల వాపు ఉంది, వాపు తగ్గేదాకా కదపకుండా ఉంచితే మానిపోతుంది అనుకుంటారు. నెలల తరబడి ఉన్న టెండన్ నొప్పిలో వాపు పాత్ర తక్కువ. టెండన్ అల్లిక కొంత దెబ్బతిని, బరువు మోసే శక్తి తగ్గిపోవడమే అసలు ఇబ్బంది. పూర్తి విశ్రాంతి ఇస్తే నొప్పి పోతుంది, నిజమే. కానీ ఆ విశ్రాంతిలోనే కండరమూ టెండనూ ఇంకా బలహీనపడతాయి. మీ విషయంలో జరిగింది అదే. మూడు వారాలు చెయ్యి ఖాళీగా ఉంది, నొప్పి లేదు కాబట్టి బాగైపోయింది అనుకున్నారు. అంతకుముందు కంటే తక్కువ బలంతో ఉన్న చేతితో ఏకంగా రెండు రోజుల టోర్నమెంట్ ఆడారు. కాలు విరిగి కట్టు విప్పిన మర్నాడే పరుగు పందానికి వెళ్లడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. నొప్పి తిరిగి రావడంలో ఆశ్చర్యం లేదు, అది మీ చెయ్యి పాడైందనడానికి రుజువూ కాదు.

కాబట్టి మీరు చేయాల్సింది రెండు వైపుల నుంచీ. చేతి మీద పడే భారాన్ని కొన్నాళ్లు తగ్గించడం, అదే సమయంలో చేతి బలాన్ని పెంచడం. ఇందులో మొదటిది అందరూ చేస్తారు. రెండోది చేసేవాళ్లు చాలా తక్కువ. నొప్పి మళ్లీ మళ్లీ తిరగబెట్టేది ఎక్కువగా అక్కడే.

వ్యాయామం ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. బల్ల మీద ముంజేయి ఆనించి, అరచెయ్యి కిందివైపు ఉండేలా, చెయ్యి బల్ల అంచు దాటి బయటికి వచ్చేలా కూర్చోండి. మణికట్టును తిన్నగా ఉంచి, ఎడమ చేతితో కుడి చేతి వెనక భాగాన్ని కిందికి నొక్కండి. కుడి చెయ్యి కదలకుండా ఆ ఒత్తిడిని ఆపాలి. 30 నుంచి 45 సెకన్లు అలా పట్టి ఉంచి వదిలేయండి. ఒక నిమిషం ఆగి మళ్లీ చేయండి. నాలుగైదు సార్లు, రోజూ. కదలిక లేకుండా బలం పెట్టే ఈ పద్ధతి నొప్పి ఉన్న టెండన్‌కు మొదట్లో బాగా సరిపోతుంది. కొందరికి చేసిన వెంటనే నొప్పి కాస్త నెమ్మదిస్తుంది కూడా.

వారం పది రోజుల తర్వాత బరువు పట్టుకోండి. అర కిలో డంబెల్ చాలు, లేకపోతే నీళ్లు నింపిన సీసా. అదే భంగిమలో, ఎడమ చేతి సాయంతో మణికట్టును పైకి ఎత్తి, కుడి చేతితో మాత్రమే మెల్లగా కిందికి దించండి. దించడానికి మూడు నాలుగు సెకన్లు పట్టాలి. ఆ దించడంలోనే టెండన్ బలపడే పని ఎక్కువ జరుగుతుంది, కాబట్టి తొందరపడొద్దు. 15 సార్లు ఒక విడత, అలాంటివి మూడు విడతలు, రోజు విడిచి రోజు. అది తేలికైపోయాక ఎడమ చేతి సాయం మానేసి కుడి చేతితోనే ఎత్తి దించండి, తర్వాత బరువు కిలోకు, ఆపైకి పెంచండి. అరచెయ్యి పైకి పెట్టి కూడా ఇలాగే చేయాలి. ఐదు వేళ్ల చుట్టూ ఒక రబ్బర్ బ్యాండ్ వేసి, వేళ్లు విప్పి మూయడం ఇంకో మంచి వ్యాయామం. రోజంతా మూసి పట్టే వేళ్లకు విప్పే బలం కూడా ఉండాలి.

చేసేటప్పుడు కొంచెం నొప్పి వస్తుంది. భయపడొద్దు. సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే భరించలేనిది అనుకుంటే, మూడు దాకా ఫర్వాలేదు. అసలు కొలత మర్నాడు ఉదయం తెలుస్తుంది. నిన్నటికంటే నొప్పి పెరగకుండా లేచారంటే చేసిన మోతాదు సరిపోయినట్టు. పెరిగితే బరువో, సంఖ్యో తగ్గించండి, అంతేగానీ మొత్తం ఆపేయకండి. టెండన్ చాలా నెమ్మదిగా బాగుపడుతుంది. ఆరు వారాలకు తేడా తెలుస్తుంది, మూడు నెలలకు నమ్మకం వస్తుంది. మూడో వారంలో నొప్పి పోగానే వ్యాయామం మానేసేవాళ్లు ఎంతమందో. దయచేసి మీరు ఆ పని చేయకండి.

ఇప్పుడు ఆట సంగతి. పూర్తిగా మానేయమని నేను చెప్పను, ఎందుకంటే మానేస్తే ఏమవుతుందో మీరు ఒకసారి చూశారు. మర్నాటికి నొప్పి పెరగకుండా ఎంతసేపు ఆడగలరో ముందు కనుక్కోండి. అరగంట చొప్పున రెండు విడతలు, మధ్యలో పది నిమిషాలు చెయ్యి పూర్తిగా ఖాళీ. చాలామందికి ఇది మంచి ఆరంభం. అది వారం పాటు సాఫీగా సాగితే ఒక్కో విడతకు ఐదు పది నిమిషాలు కలపండి. ఆఫీసులో మౌస్ పని ఎక్కువ ఉన్న రోజు రాత్రి ఆట తగ్గాలి. అది జీతం వచ్చే పనా, సరదా పనా అన్నది టెండన్‌కు తెలియదు. దానికి తెలిసింది రోజు మొత్తం మీద ఎన్ని క్లిక్కులు పడ్డాయన్నదే. ఇంకో టోర్నమెంట్ ఆడాలనుకుంటే నెల ముందు నుంచే గంటలు మెల్లగా పెంచుకుంటూ వెళ్లాలి, ఏ ఆటకైనా క్రీడాకారులు చేసేది అదే.

విరామం తీసుకుంటే వెనకబడిపోతాననే భయం మీకు ఉండొచ్చు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ గేమ్ ఆడేవాళ్లలో ప్రపంచమంతా పేరున్న కొరియా ఆటగాడు ఫేకర్ 2023 వేసవిలో చేతి సమస్యతో దాదాపు నెల రోజులు పోటీలకు దూరంగా ఉన్నాడు. ఆయన లేని ఆ రోజుల్లో జట్టు చాలా మ్యాచ్‌లు ఓడిపోయింది. అయినా చెయ్యి కుదుటపడేదాకా ఆగాడు. అదే ఏడాది నవంబరులో ఆ జట్టు ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచింది. అంతటి ఆటగాడే ఆగగలిగినప్పుడు మీరూ కొన్ని వారాలు గంటలు తగ్గించుకోవచ్చు.

ఆట మధ్యలో చేతిని ఎలా వాడుతున్నారో కూడా ఒకసారి గమనించండి. ఉత్కంఠ పెరిగే కొద్దీ మౌస్‌ను పిడికిలి బిగించినట్టు పట్టుకుంటాం, కీలను అవసరానికి మించి గట్టిగా కొడతాం, భుజాలు చెవుల దాకా లేస్తాయి. కదలికల సంఖ్యతో పాటు ఈ బిగుతు కూడా కండరాలను బాగా అలసిపోయేలా చేస్తుంది. 1713లోనే బెర్నార్డినో రామజ్జిని అనే ఇటలీ వైద్యుడు రాయసగాళ్ల చేతి నొప్పులకు మూడు కారణాలు చెప్పాడు. ఎప్పుడూ కూర్చునే ఉండటం, చేతిని ఒకే తీరుగా ఆపకుండా కదపడం, తప్పు రాకూడదని మనసు మీద పడే ఒత్తిడి. కలం పోయి మౌస్ వచ్చింది, ఆ మూడూ అలాగే ఉన్నాయి. అందుకే ఒక రౌండ్ అయిపోయి ఇంకో రౌండ్ లోడ్ అయ్యేలోపు మౌస్ వదిలేయండి. వేళ్లు విప్పి, భుజాలు దించి, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదలండి. ఆ సమయంలో ఫోన్ చేతిలోకి తీసుకుంటే విరామం దొరకనట్టే.

ఇక పెయిన్‌కిల్లర్. నొప్పి మీకు హద్దు చూపిస్తోంది. మాత్ర వేసుకుని ఆడితే ఆ హద్దు కనపడకుండా పోతుంది, చెయ్యి మాత్రం అక్కడే ఉంటుంది. పైగా ఇలాంటి చాలా మాత్రలు రోజుల తరబడి వాడితే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీలకూ మంచిది కాదు. నొప్పి బాగా ఎక్కువైన రోజుల్లో పైపూతగా రాసే డైక్లోఫినాక్ జెల్ కొద్ది రోజులు వాడుకోవచ్చు. మీకు ఇంకేవైనా జబ్బులో, మందులో ఉంటే ముందు డాక్టరును అడగండి. ఐస్, వేడి కాపడం రెండూ హాయినిస్తాయి, రెండూ జబ్బును నయం చేయవు. మీకు ఏది బాగుంటే అది పెట్టుకోండి.

మోచేతిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే వెంటనే తగ్గిపోతుందని ఎవరైనా చెప్పొచ్చు. మొదటి కొన్ని వారాలు నిజంగానే చాలా తేలికగా ఉంటుంది. కానీ ఏడాది చివర పోల్చి చూసిన అధ్యయనాల్లో, ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల పరిస్థితి తీసుకోనివాళ్ల కంటే వెనకబడింది, నొప్పి తిరగబెట్టడం కూడా వాళ్లలోనే ఎక్కువ. అందుకే టెన్నిస్ ఎల్బోకు దాన్ని మొదటి వైద్యంగా నేను సలహా ఇవ్వను.

ఇప్పుడు రెండో సమస్య, రాత్రి తిమ్మిరి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలులో సగం. ఈ భాగానికి స్పర్శ ఇచ్చేది మీడియన్ నరం. మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక మందపాటి పట్టీకీ మధ్య ఉన్న ఇరుకు దారిలోంచి ఈ నరం తొమ్మిది టెండన్లతో కలిసి అరచేతిలోకి వెళ్తుంది. ఆ దారిని కార్పల్ టనెల్ అంటారు. మణికట్టు ముందుకో వెనక్కో వంగితే లోపల ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. నిద్రలో మనకు తెలియకుండానే చెయ్యి ముడుచుకుని పడుకుంటాం కాబట్టి తిమ్మిరి రాత్రిపూట ఎక్కువ. లేచి చెయ్యి విదిలిస్తే తగ్గిందని మీరు రాశారు చూడండి, కార్పల్ టనెల్ ఉన్నవాళ్లు చాలామంది సరిగ్గా ఆ మాటే చెప్తారు.

అయితే కార్పల్ టనెల్ వచ్చిందంటే తప్పు మౌస్‌దే అనుకోకండి. చేతితో ఎక్కువ బలం పెట్టే పనులకూ, అదిరే యంత్రాలకూ దీనితో ఉన్న సంబంధం గట్టిగా తేలింది గానీ, కీబోర్డు, మౌస్ విషయంలో ఆధారాలు అంత బలంగా లేవు. షుగర్, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, కీళ్లవాతం, ఆడవాళ్లలో గర్భం, ఇవన్నీ ఆ దారిని ఇరుకు చేయగలవు. మీ వయసులో షుగరేంటి అనిపించవచ్చు. అయినా ఒక రక్త పరీక్షతో షుగర్, థైరాయిడ్ రెండూ తేలిపోతాయి, చేయించండి. మెడ దగ్గర నరం నొక్కుకున్నా ఇవే వేళ్లలో తిమ్మిరి వస్తుంది. తల ఒక పక్కకు తిప్పినప్పుడో వెనక్కి వంచినప్పుడో తిమ్మిరి పెరుగుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అవసరమైతే నరం ఎంత వేగంగా సంకేతాలు పంపుతోందో కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్ష రాస్తారు.

మీ బ్యాండ్ విషయానికి వస్తే, దాన్ని మీరు తప్పు సమయంలో పెట్టుకుంటున్నారు. పగలు తీసేయండి, రాత్రి పెట్టుకోండి. మణికట్టును తిన్నగా, వంగకుండా ఉంచే స్ప్లింట్ కొని, కనీసం ఆరు వారాలు రోజూ నిద్రపోయేటప్పుడు వాడండి. తొలి దశలో ఉన్న చాలామందికి దీనితోనే తిమ్మిరి తగ్గుతుంది. గట్టిగా బిగించొద్దు, బిగిస్తే అదే నరాన్ని నొక్కుతుంది. పగలు ఆడేటప్పుడు మణికట్టును కట్టేస్తే ఆ పని మోచేయి, భుజం మీద పడుతుంది. మీ మోచేయి ఇప్పటికే బాధలో ఉంది కదా.

ఆరు వారాల స్ప్లింట్ తర్వాత కూడా తిమ్మిరి తగ్గకపోతే ఈ సమస్యకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒక మంచి మార్గమే. మోచేతికి వద్దన్న నేనే దీనికి ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, రెండు చోట్లా జబ్బు వేరు, ఫలితాలూ వేరు. ముదిరితే ఆ మందపాటి పట్టీని కోసి నరానికి చోటు కల్పించే చిన్న ఆపరేషన్ ఉంది, దాని ఫలితాలు బాగుంటాయి. మరి ఏ లక్షణాలకు ఆగకూడదు? తిమ్మిరి రాత్రీ పగలూ వదలకుండా ఉండిపోవడం, చేతిలోంచి వస్తువులు జారిపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, బొటనవేలి కింద ఉండే కండ చదునుగా మారిపోవడం. ఇవి నరం దెబ్బతింటున్న సూచనలు. ఎక్కువకాలం నలిగిన నరం ఆపరేషన్ చేసినా పూర్తిగా కోలుకోకపోవచ్చు. నొప్పిని ఓర్చుకుంటూ వ్యాయామం చేయమన్నాను కదా అని తిమ్మిరిని కూడా అలా ఓర్చుకోకండి.

ఒకవేళ ఎప్పుడైనా తిమ్మిరి చిటికెనవేలి వైపు వస్తే అది వేరే నరం. మోచేతిని బల్ల మీద ఆనించి గంటలు కూర్చుంటే, లేదా మోచెయ్యి బాగా మడిచి ఫోన్ పట్టుకుని పడుకుంటే అది నొక్కుకుంటుంది. ఆ అలవాటు మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

కొనుగోళ్ల గురించి అడిగారు. కొనకముందు ఉన్నవాటిని సరిచేసుకోండి, డబ్బు మిగలవచ్చు. ల్యాప్‌టాప్ మీద ఎనిమిది గంటలు పని చేస్తున్నారంటే తెర కిందికి, మెడ ముందుకు ఉన్నట్టే లెక్క. ల్యాప్‌టాప్ కింద లావు పుస్తకాలు పెట్టి తెర పై అంచు కంటి ఎత్తుకు తెచ్చి, విడిగా ఒక కీబోర్డు, మౌస్ పెట్టుకోండి. నేను ఒక్క వస్తువే కొనమనాల్సి వస్తే ఆ కీబోర్డునే కొనమంటాను. కీబోర్డు వెనకాల ఉండే చిన్న కాళ్లను మడిచేయండి. అవి ఎత్తితే మణికట్టు వెనక్కి వంగుతుంది. పక్కన నంబర్ల వరస ఉన్న పెద్ద కీబోర్డు మౌస్‌ను దూరంగా నెట్టి భుజాన్ని చాపిస్తుంది. ఆడేటప్పుడు కీబోర్డును ఎడమకు జరిపి మౌస్‌ను దగ్గరకు తెచ్చుకోండి. బల్ల అంచు ముంజేతికి గుచ్చుకోకూడదు. మణికట్టు కింద పెట్టే మెత్త ఆగినప్పుడు ఆనించుకోవడానికే. దాని మీద మణికట్టును అదిమి పెట్టి మౌస్ తిప్పితే నరం ఉన్న చోటే ఒత్తిడి పడుతుంది.

కరచాలనం చేసినట్టు పట్టుకునే నిలువు మౌస్ ముంజేతిని మెలి తిరగకుండా ఉంచుతుంది, కొందరికి చాలా హాయిగా ఉంటుంది. ఆఫీసు పనికి ప్రయత్నించండి, షూటింగ్ గేమ్‌కు మీకు నచ్చకపోవచ్చు. అంతకంటే ఖర్చులేని ఉపాయం ఇంకోటుంది. ఆఫీసులో మౌస్ ఎడమ చేతికి మార్చండి. మొదటి వారం విసుగ్గా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది, కుడి చేతికి పగలంతా విశ్రాంతి దొరుకుతుంది. ఆటలో మౌస్ సెన్సిటివిటీ (మౌస్ కొంచెం కదిపితే తెర మీద గురి ఎంత కదలాలో చెప్పే సెట్టింగ్) మరీ ఎక్కువ పెట్టుకుంటే భారమంతా మణికట్టు, వేళ్ల మీద పడుతుంది, మరీ తక్కువైతే భుజం మీద. మధ్యస్థంగా, ముంజేయి మొత్తం కదిలేలా పెట్టుకోండి. కుర్చీకి గేమింగ్ అన్న పేరు ఉంటే చెయ్యి బాగుపడదు. పాదాలు నేలకు ఆనాలి, నడుముకు ఆసరా ఉండాలి, భుజాలు లేవకుండా మోచేతులు బల్ల ఎత్తుకు రావాలి. ఇవి కుదిరితే మీ పాత కుర్చీయే చాలు, నడుము వెనక చుట్టిన తువ్వాలు పెట్టుకోండి.

కళ్ల గురించి మీరు అడగలేదు గానీ రోజుకు పన్నెండు గంటల తెర అంటే చెప్పకుండా ఉండలేను. తెర చూస్తున్నప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, అందుకే మంట, పొడిబారడం. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి, నిండుగా రెప్పలు వేయండి. నీలి కాంతిని ఆపే కళ్లద్దాలు కంటి అలసట తగ్గిస్తాయని నమ్మి డబ్బు పెట్టకండి. వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023లో చేసిన సమీక్షలో వాటితో అలాంటి ప్రయోజనం దాదాపు ఏమీ కనపడలేదు.

కాళ్లది మాత్రం ప్రాణం మీదికి వచ్చే విషయం. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాలి లోపలి రక్తనాళాల్లో గడ్డ కట్టవచ్చు. కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్న ఒక యువకుడికి ఇలా జరిగితే 2003లో న్యూజిలాండ్ వైద్యులు దానికి ఈ-థ్రాంబోసిస్ అని పేరు పెట్టారు. ఇది అరుదు. అయినా గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, నీళ్లు తాగండి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

నిద్ర కూడా వైద్యంలో భాగమే. నిద్ర తక్కువైతే అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. రాత్రి ఆటను గంట ముందుకు జరిపి, ఆ గంట నిద్రకు ఇవ్వండి. వ్యాయామానికి విడిగా సమయం లేదంటారేమో, అది పదిహేను నిమిషాల పని. ఆటకు ముందు పెట్టుకుంటే చేతులు వెచ్చబడతాయి కూడా.

మీ తమ్ముడి గురించి. బొటనవేలిని పిడికిలి లోపల మడిచి, మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచమనండి. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర చురుక్కున నొప్పి వస్తే అది డి క్వెర్వెయిన్ అనే సమస్య కావచ్చు. బొటనవేలిని కదిపే రెండు టెండన్లు వాటి తొడుగులో ఇరుక్కుని ఒరుసుకోవడం వల్ల వచ్చే నొప్పి అది. కొత్త జబ్బేం కాదు. 1990లోనే, ఆగకుండా ఐదు గంటలు నింటెండో వీడియో గేమ్ ఆడి బొటనవేలు నొప్పితో వచ్చిన ఒక మహిళ గురించి అమెరికా వైద్య పత్రిక ఒకదానిలో లేఖ వచ్చింది. వాడు ఫోన్‌ను ఒడిలో గానీ దిండు మీద గానీ ఆనించి ఆడాలి, కొన్ని వారాలు ఆటను బాగా తగ్గించాలి, బొటనవేలిని కూడా కదలకుండా పట్టే స్ప్లింట్ మూడు నాలుగు వారాలు వాడాలి. మామూలు మణికట్టు బ్యాండ్ దీనికి పనికిరాదు. ఈ సమస్యకు ఇంజెక్షన్ కూడా బాగా పనిచేస్తుంది. అయితే వాడి వయసు మీరు రాయలేదు. చిన్నవాడైతే సొంత వైద్యం పెట్టుకోకుండా, మీరు డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడే వాడినీ తీసుకెళ్లి చూపించండి.